ఇంజిన్ ఆగాల్సినప్పుడు ఆగుతోందా?

అండమాన్‌లోని కార్బిన్స్ కోవ్ బీచ్‌లో జెట్ స్కీ ఎక్కేవాళ్లు ముందు అడిగేది రేటెంత అని. ఆ తర్వాత, ఫోన్ తడవకుండా ఎక్కడ దాచాలని. హ్యాండిల్ పక్కన చుట్టలు చుట్టలుగా వేలాడే ఎర్రతాడు ఎందుకని అడిగేవాళ్లు ఎక్కడో ఒకరుంటారు. కిల్ స్విచ్ తాడు అది, లాన్యార్డ్ అని కూడా అంటారు. ఒక కొస నడిపేవాడి మణికట్టుకో, లైఫ్ జాకెట్‌కో ఉండాలి. రెండో కొసనున్న క్లిప్పు స్టాప్ బటన్ కింద ఇరికి ఉంటుంది. నడిపేవాడు నీళ్లలో పడ్డాడంటే తాడు గుంజుకుంటుంది, క్లిప్పు ఊడుతుంది, ఇంజిన్ ఆగిపోతుంది. కాస్త ప్లాస్టిక్, కాస్త రాగి, ఒక స్ప్రింగు. దాని సరంజామా అంతే.

ఈ చిన్న వస్తువుకు అండమాన్‌లో ఇద్దరు శత్రువులు. ఒకటి ఉప్పుగాలి. రెండోది, దాన్ని తప్పించి ఇంజిన్‌ను నడిపించే జానెడు వైరు ముక్క. ఉప్పుగాలిని ఎవరూ ఆపలేరు. వైరు ముక్క సంగతి మాత్రం మన చేతుల్లోనే ఉంది.

విశాఖ నుంచి సముద్రం మీద సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ దీవులు తెలుగువాళ్లకు పరాయివి కావు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో ప్రతి వందమందిలో 13 మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరతరాలుగా వలస వచ్చిన మత్స్యకార కుటుంబాలు జంగ్లీఘాట్ లాంటి చోట్ల స్థిరపడ్డాయి. సెలవులకని, హనీమూన్‌కని మనవైపు నుంచి వచ్చేవాళ్లు వేరే. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో దిగిన రోజే వాటర్ స్పోర్ట్స్ కాంప్లెక్స్ దగ్గరో, నార్త్ బేలోనో, మర్నాడు ఒకప్పటి హేవ్‌లాక్ అయిన స్వరాజ్ ద్వీప్‌లోని ఎలిఫెంట్ బీచ్‌లోనో ఏదో ఒక ఇంజిన్ బండి ఎక్కుతారు. విశాఖ రుషికొండలో ఎక్కేదీ అలాంటి బండే. కాబట్టి ఆ బండి ఎలా ఆగుతుందో తెలుసుకోవడం మెకానిక్ ఒక్కడి పని కాదు.

బ్రేకు లేని బండి

జెట్ స్కీ ఆలోచన కొత్తదేమీ కాదు. కెనడాకు చెందిన బొంబార్డియర్ 1968లో సీ-డూ పేరుతో ఒకటి తెచ్చింది. 1970ల మొదట్లో కవాసాకి తన నిలబడి నడిపే బండికి జెట్ స్కీ అని పేరు పెట్టింది. కంపెనీ ఏదైనా సూత్రం ఒకటే. అడుగు నుంచి నీటిని పీల్చి, లోపల తిరిగే ఇంపెల్లర్‌తో వెనుక గొట్టంలోంచి బలంగా చిమ్ముతుంది. ఆ ధారే బండిని ముందుకు తోస్తుంది. హ్యాండిల్ తిప్పితే గొట్టం మూతి పక్కకు తిరుగుతుంది, బండీ తిరుగుతుంది.

కారు, మోటారు సైకిలు నడిపిన చేతులు పప్పులో కాలేసేది ఇక్కడే. ఎదురుగా ఏదో కనిపిస్తే రోడ్డు మీద మనం యాక్సిలరేటర్ వదిలేస్తాం. నీటి మీద రేస్ వదిలితే ధార ఆగుతుంది. ధార లేకపోతే హ్యాండిల్ ఎంత తిప్పినా బండి వచ్చిన ఊపులోనే నేరుగా పోతుంది. తప్పించుకోవాలంటే తిప్పుతూ కాస్త రేస్ ఇవ్వాలి. భయపడ్డ మనిషి అది చేయడు. అమెరికాలో రవాణా ప్రమాదాలను విచారించే ఎన్‌టీఎస్‌బీ 1998లో జెట్ స్కీల భద్రత మీద ప్రత్యేక నివేదిక వెలువరించింది. ఆ తర్వాతి ఏళ్లలో కంపెనీలు మార్గాలు వెతికాయి. 2009 మోడల్‌తో సీ-డూలో బ్రేకులాంటి ఏర్పాటు వచ్చింది, 2015 మోడళ్లలో యమహా కూడా అలాంటిదే తెచ్చింది. బీచ్‌లలో అద్దెకు తిరిగే పాత బళ్లకు ఆ హంగులుండవు.

కాబట్టి రేస్ ఇచ్చే లీవర్, దాని తీగ, ఇంజిన్ ఆపే స్విచ్, ఈ మూడూ ఒకే గొలుసు. లీవర్ వదిలినప్పుడు రేస్ తగ్గాలి. తగ్గకపోతే ఇంజిన్‌ను ఆపడానికి స్విచ్ ఒక్కటే దిక్కు. ఆ స్విచ్ కూడా పనిచేయకపోతే బండి మీద మనిషి ఉన్నా లేనట్టే.

చేపల పడవ సంగతి ఇంకా తీవ్రం. వెనక తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజిన్‌ను, మత్స్యకారుల మాటల్లో ఓబీఎంను, చేత్తో పట్టుకుని నడిపే పడవలో ఒంటరిగా ఉన్న మనిషి జారి పడ్డాడనుకోండి. పట్టు వదిలిన ఇంజిన్ పక్కకు ఒరుగుతుంది, పడవ గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. ఈదుతున్న మనిషి మీదికే మళ్లీ మళ్లీ వస్తుంది, కింద ప్రొపెల్లర్ తిరుగుతూనే ఉంటుంది. 2013 మేలో ఇంగ్లండ్‌లోని ప్యాడ్‌స్టో తీరంలో ఇలాంటిదే జరిగింది. స్పీడ్ బోట్ మలుపులో ఆరుగురి కుటుంబమంతా నీళ్లలో పడింది. ఇంజిన్ ఆపే తాడు ఎవరికీ కట్టి లేదు. తిరిగి తిరిగి వచ్చిన పడవ కింద పడి తండ్రి, ఎనిమిదేళ్ల కూతురు చనిపోయారు. తాడు ఉంది, స్విచ్ ఉంది. మనిషికి కట్టి లేదు, అంతే. అమెరికా 2021 ఏప్రిల్ 1 నుంచి 26 అడుగుల కంటే చిన్న మోటారు పడవలు వేగంగా నడిపేవాళ్లు ఈ తాడో, దానికి బదులైన తీగలేని పరికరమో వాడి తీరాలని నిబంధన పెట్టింది.

మన దగ్గర ఈ వస్తువు మీద చర్చే తక్కువ. 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ దగ్గర ఆక్వా మెరైన్ పడవ మునిగి ఇరవై మందికి పైగా పర్యాటకులు చనిపోయారు. మోయాల్సిన దానికంటే ఎక్కువమందిని ఎక్కించారన్నది అప్పట్లో బయటపడిన సంగతి. అప్పటినుంచి మన కళ్లు లైఫ్ జాకెట్ల మీద, తలల లెక్క మీద ఉంటున్నాయి. మంచిదే. 2024 డిసెంబరు 18న ముంబయిలో మరోటి జరిగింది. ఇంజిన్ పరీక్షలు చేస్తున్న నౌకాదళ స్పీడ్ బోట్ ఒకటి అదుపు తప్పి, గేట్‌వే ఆఫ్ ఇండియా నుంచి ఎలిఫెంటా గుహలకు వెళ్తున్న నీల్‌కమల్ పడవను గుద్దింది. ఆ రాత్రికే 13 మంది చనిపోయినట్టు ప్రకటించారు. ఇంజిన్‌లో లోపం వల్లే అదుపు తప్పిందని నౌకాదళం చెప్పింది. అదుపు తప్పిన ఇంజిన్ శిక్షణ పొందిన చేతుల్లో ఉన్నా ఏం చేయగలదో దేశమంతా వీడియోలో చూసింది.

ఆగిపోయేది ఒకటి, ఆగనిది ఒకటి

స్విచ్ చెడింది అంటే చాలామందికి ఒకే అర్థం, బండి స్టార్ట్ కావడం లేదని. అది సగమే. ఇంజిన్‌ను బట్టి స్విచ్ పనిచేసే తీరు రెండు రకాలు. ఒకదాని జబ్బుకు రెండోదాని జబ్బు పూర్తిగా తలకిందులు.

చిన్న ఓబీఎంలలో చాలావాటికి, పాత జెట్ స్కీలకు మాగ్నెటో ఇగ్నిషన్ ఉంటుంది. ఫ్లైవీల్‌లోని అయస్కాంతాలు తిరుగుతుంటే కాయిల్‌లో కరెంటు పుడుతుంది, సీడీఐ అనే పెట్టెలో పోగై ప్లగ్‌లో స్పార్క్‌గా వస్తుంది. దీనికి బ్యాటరీతో పనిలేదు. ఆపాలంటే ఆ కరెంటు ప్లగ్ దాకా పోకుండా ఎర్త్‌కి మళ్లించాలి. స్టాప్ స్విచ్ చేసే పని అదే. నడుస్తున్నంతసేపూ దాని కాంటాక్టులు విడిగా ఉంటాయి. క్లిప్పు ఊడగానే కలుస్తాయి, కరెంటు ఎర్త్ అయిపోయి స్పార్క్ చచ్చిపోతుంది. మరి ఆ వైరు దారిలో ఎక్కడైనా తెగితే? ఇంజిన్‌కి ఏమీ కాదు. హాయిగా స్టార్ట్ అవుతుంది, హాయిగా నడుస్తుంది. ఆపడమే కుదరదు.

రెండో రకంలో ఇగ్నిషన్‌కి బ్యాటరీ కరెంటు కావాలి. స్విచ్ కాంటాక్టులు కలిసి ఉంటేనే కరెంటు పోతుంది, విడిపోతే ఆగుతుంది. ఇప్పటి మోటారు సైకిళ్లలో ఎక్కువ భాగం ఇంతే. ఇక్కడ వైరు తెగితే ఇంజిన్ ఆగుతుంది, లేదా అసలు స్టార్ట్ కాదు. కొత్త జెట్ స్కీలలో స్విచ్ కంప్యూటర్‌కి సంకేతం ఇస్తుంది, కంప్యూటర్ ఇంజిన్‌ను ఆపుతుంది. సీ-డూలో అయితే తాడు కొసన ఉన్న టోపీలోనే చిప్ ఉంటుంది. దాన్ని గుబ్బకు తొడిగినప్పుడు రెండు పొట్టి బీప్‌లు వస్తే బండి గుర్తుపట్టినట్టు. ఒకే పొడుగాటి బీప్ వస్తే కనెక్షన్ సరిగా లేదనో, తప్పు తాళమనో అర్థం. చాలాసార్లు దోషి ఆ టోపీ లోపల ఎండిన ఉప్పే. మంచినీళ్లతో కడిగి తుడిచి మళ్లీ తొడిగితే చాలు, మెకానిక్‌కి ఫోన్ చేయనక్కర్లేదు.

మోటారు సైకిళ్లు బాగుచేసిన చేయి పడవ ఇంజిన్ మీదికి వచ్చినప్పుడు ఈ తేడా తెలియాలి. బైకులో స్విచ్ వైర్లు రెండూ కలిపితే ఇంజిన్ బతుకుతుంది. మాగ్నెటో ఓబీఎంలో అవే రెండు కలిపితే స్పార్క్ చస్తుంది, విడదీస్తే బతుకుతుంది. తేడా తెలియక రోజంతా కాయిల్ మీద, సీడీఐ మీద అనుమానపడి కొత్తవి తెప్పించినా ఫలితం ఉండదు.

డీజిల్ ఇంజిన్ బిగించిన డుంగీ పడవలది మరో లెక్క. డీజిల్‌కి స్పార్కే లేదు, ఇంధనం ఆపితేనే ఇంజిన్ ఆగుతుంది. వాటి సంగతి ఇక్కడ వదిలేద్దాం.

‘డైరెక్ట్ చేసేశాం సార్’

తెలుగునాట ఏ షెడ్‌లో అయినా వినిపించే మాట ఇది. స్విచ్ పోయింది, కొత్తది దొరకలేదు, వైర్లు డైరెక్ట్ చేసేశాం. ఫ్యాన్ రెగ్యులేటర్‌కీ, మోటారు పంపు స్టార్టర్‌కీ చేసినట్టే దీనికీ చేసేస్తారు. అండమాన్‌లో ఆ ఒత్తిడి ఇంకా ఎక్కువ. విడిభాగం చెన్నై నుంచో, కోల్‌కతా నుంచో, విశాఖ నుంచో రావాలి. ఓడలో వస్తే ప్రయాణమే రెండు మూడు రోజులు, ఆ ఓడ ఎప్పుడు బయల్దేరుతుందన్నది వేరే సంగతి. వానలు పోయి సముద్రం నెమ్మదించిన కొద్ది నెలలే సీజను. సీజన్‌లో ఒక బండి ఒడ్డున నిలబడితే యజమానికి ఆ రోజు కూలి డబ్బులు కూడా రావు. ఆ బాధ నిజం. దాన్ని తీసిపారేసి సుద్దులు చెప్పడం తేలిక.

అయినా ఒక్క మాట చెప్పాలి. డైరెక్ట్ చేయడం పరీక్ష మాత్రమే, మరమ్మతు కాదు. లోపం స్విచ్‌లో ఉందో, ఇంజిన్‌లో ఉందో తేల్చడానికి స్విచ్‌ను కాసేపు పక్కన పెట్టడం ప్రతి మంచి మెకానిక్ చేసే పనే. తేలాక ఆ వైరు ముక్క తీసేయాలి. తీయకుండా టేపు చుట్టేస్తే ఆ బండికి ఆ క్షణం నుంచి తాడు అలంకారం. అన్నిటికంటే పెద్ద మోసం ఏమిటంటే, తాడు వేలాడుతూనే ఉంటుంది. ఎక్కినవాడు దాన్ని చూసి ధైర్యపడతాడు.

స్విచ్ మీద కోపం రావడానికీ కారణం ఉంది. అనవసరంగా ఇంజిన్ ఆపేసినప్పుడు అందరికీ కనిపిస్తుంది. పర్యాటకుడు సణుగుతాడు, యజమాని అరుస్తాడు. అవసరమైనప్పుడు ఆపలేని స్థితికి వచ్చిన స్విచ్ మాత్రం ఎవరికీ కనిపించదు, ఎవరూ దాన్ని తిట్టరు. కాబట్టి చిరాకు పెట్టే స్విచ్‌ను పీకేసి, చచ్చిన స్విచ్‌ను భద్రంగా ఉంచుకుంటాం. అలాగని ఊరికే ఆగిపోయే బండి తక్కువ ప్రమాదకరమేమీ కాదు. జెట్టీ దగ్గర ఫెర్రీ ఎదురొస్తుండగా ఇంజిన్ ఆగితే, ముందే చెప్పినట్టు, హ్యాండిల్ కూడా పోయినట్టే. ఉప్పునీటి మొసళ్లు తిరిగే దీవులివి. నీళ్ల మధ్య ఆగి కూర్చోవడం సరదాగా ఉండదు.

మీటరు పట్టుకుంటే

అండమాన్‌లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. గాలిలో ఏడాది పొడవునా తేమే. వానాకాలమంతా కప్పు కింద కదలకుండా పడున్న బండిలో కాంటాక్టుల మీద పచ్చటి చిలుము పేరుకుంటుంది. రాగి తీగ మీద ఉప్పునీరు పడితే ఇన్సులేషన్ లోపల అది పాకుతూ పోతుంది. పైకి వైరు కొత్తగా కనిపిస్తుంది, లోపల నల్లబడి పొడి పొడి అయి ఉంటుంది. అందుకే సముద్రపు బళ్లకు తగరం పూత వేసిన రాగి తీగే వాడాలంటారు. సీజన్ మొదట్లో ఎక్కువ బళ్లు మొరాయించేది ఈ కారణంగానే.

బండి స్టార్ట్ కాకపోతే ముందు చూడాల్సినవి సిగ్గుపడేంత చిన్నవి. క్లిప్పు పూర్తిగా ఇరికిందా? అసలు ఆ బండి క్లిప్పేనా, పక్క బండిదా? ఓబీఎం అయితే గేరు న్యూట్రల్‌లో ఉందా? గేరులో ఉండగా స్టార్ట్ కాకుండా ఆపే ఏర్పాటు చాలావాటిలో ఉంటుంది. దాన్ని కూడా డైరెక్ట్ చేసే మహానుభావులున్నారు. అలాంటి పడవ స్టార్ట్ కాగానే ఒక్కసారిగా ముందుకు దూకుతుంది, నిలబడి ఉన్నవాళ్లు వెనక్కి పడతారు.

ఆ తర్వాత బ్యాటరీ. పూర్తిగా చార్జ్ అయి కాసేపు ఊరికే ఉన్న 12 వోల్టుల బ్యాటరీ 12.6 దగ్గర చూపాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు 10 వోల్టుల కిందికి జారిపోతే బ్యాటరీనో, దాని టెర్మినళ్లనో అనుమానించాలి. టక్‌మని ఒక్క శబ్దం వచ్చి ఊరుకుంటే రిలే దాకా సంకేతం వచ్చిందన్నమాట, స్విచ్‌ను తిట్టక్కర్లేదు. ఏ శబ్దమూ రాకపోతే ఫ్యూజు, తర్వాత స్టార్ట్ బటన్, తర్వాత లాన్యార్డ్ స్విచ్.

ఇంజిన్ తిరుగుతుంది కానీ అంటుకోవడం లేదంటే స్పార్క్ చూడాలి. ఇక్కడొక హెచ్చరిక. జెట్ స్కీ పొట్టలో పెట్రోలు ఆవిరి పోగై ఉంటుంది. సీటు తీసి గాలి బాగా ఆడనిచ్చి, వాసన లేదని తేల్చుకున్నాకే స్పార్క్ జోలికి పోవాలి. ప్లగ్ వైర్లను గాల్లో వదిలేసి ఇంజిన్ తిప్పకూడదు, సీడీఐ పోయే ప్రమాదం ఉంది. స్పార్క్ టెస్టరో, ఎర్త్‌కి గట్టిగా తాకించిన ప్లగ్గో వాడాలి. మాగ్నెటో ఇంజిన్‌లో స్పార్క్ లేకపోతే స్టాప్ వైరును సీడీఐ దగ్గర విప్పి మళ్లీ చూడాలి. స్పార్క్ వచ్చిందా, దోషం స్విచ్‌లోనో దాని వైరులోనో ఉంది. అప్పటికీ రాలేదా, స్విచ్ నిర్దోషి, కాయిల్ వైపు వెళ్లాలి. ఒక్క కనెక్షన్ విప్పితే సగం బండి మీద అనుమానం తీరిపోతుంది. చూశాక ఆ వైరు మళ్లీ పెట్టాలి. మళ్లీ చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి, మరిచిపోయేది ఇక్కడే.

ఇప్పుడు స్విచ్‌నే మీటరుతో అడగాలి. వైర్లు రెండూ విడదీసి మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి చూస్తే, మాగ్నెటో రకంలో క్లిప్పు ఉన్నప్పుడు ఏమీ చూపకూడదు, క్లిప్పు లాగగానే దాదాపు సున్నా చూపాలి. బ్యాటరీ రకంలో దీనికి తలకిందులు. ఏది ఎలా ఉండాలో ఆ బండి మాన్యువల్ చెబుతుంది. క్లిప్పును పదిసార్లు పెట్టి తీస్తూ, వైరును వేళ్లతో కదిలిస్తూ చూడాలి. అంకె గంతులేస్తే లోపల స్ప్రింగో, కాంటాక్టో అరిగింది.

ఉప్పునీటి ఊళ్లకు ప్రత్యేకమైన జబ్బు ఒకటుంది. మీటరు సున్నా చూపదు, ఏమీ లేదనీ చూపదు. మధ్యలో ఏదో కొన్ని వేల ఓమ్‌లు చూపుతుంది. స్విచ్ లోపల చేరిన తడి ఉప్పు కరెంటును కొద్దికొద్దిగా ఎర్త్‌లోకి కారుస్తోందన్నమాట. ఇలాంటి బండి ఎండలో గంటసేపు పెడితే చక్కగా స్టార్ట్ అవుతుంది. నాలుగు అలలు తగలగానే తన్నుకుంటుంది, రేస్ ఇస్తే మిస్ కొడుతుంది. పెట్రోలులో నీళ్లున్నాయనుకుని ట్యాంకు ఖాళీ చేసేవాళ్లను, కార్బ్యురేటర్ విప్పేవాళ్లను ఈ జబ్బు బాగా తిప్పుతుంది. మందు మాత్రం తేలిక. స్విచ్ విప్పదగినదైతే కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, ఆరబెట్టి, కనెక్టర్లలో నీటిని అడ్డుకునే డైఎలెక్ట్రిక్ గ్రీజు పెట్టడం. సీలు చేసి వచ్చినదైతే మార్చేయడం. విప్పి ఫెవిక్విక్‌తో అతికించిన స్విచ్ మళ్లీ సముద్రంలోకి వెళ్లకూడదు.

చేయి వదిలినా తగ్గని రేస్

రేస్ తీగ విషయంలో ఉప్పుది మరో పాత్ర. ఉక్కు తీగ లోపల తుప్పు పట్టి ఒక్కో పోగూ తెగుతుంది. తెగిన పోగు ముల్లులా నిలబడి గొట్టంలో గుచ్చుకుంటుంది. అప్పుడు లీవర్ లాగితే వస్తుంది, వదిలితే రాదు. ఎండిన ఉప్పు పలుకులు కూడా అదే పని చేస్తాయి.

దీన్ని పట్టుకోవడానికి మీటరు అక్కర్లేదు. ఇంజిన్ ఆపి ఉండగా లీవర్ పూర్తిగా లాగి ఒక్కసారిగా వదలాలి. టక్కున వెనక్కి కొట్టుకోవాలి. నిదానంగా, బద్ధకంగా వస్తే ఆ బండి ఆ రోజు నీళ్లలోకి వెళ్లకూడదు. హ్యాండిల్‌ను ఎడమ చివరికీ కుడి చివరికీ తిప్పి రెండుచోట్లా మళ్లీ చూడాలి. నేరుగా ఉన్నప్పుడు బాగానే ఉండి, తిప్పినప్పుడు తీగ బిగుసుకుని తనంతట తాను రేస్ ఇచ్చేవి ఉంటాయి. మలుపులో వేగం పెరగడం ఎంత ప్రమాదమో చెప్పాలా? తీగ ఒక పోగు తెగినా మార్చడమే. నూనె పోసి నెట్టుకొచ్చే వస్తువు కాదది.

కొత్త బళ్లలో తీగకు బదులు సెన్సార్ ఉంటుంది. 5 వోల్టులు ఇస్తే, లీవర్ వదిలినప్పుడు ఒక వోల్టు లోపు, పూర్తిగా లాగినప్పుడు నాలుగు దాటి తిరిగి పంపేవి ఎక్కువ. లీవర్ మెల్లగా లాగుతుంటే ఆ అంకె మెట్లు లేకుండా పెరగాలి. మధ్యలో పడిపోయి లేస్తే అక్కడ సెన్సార్ అరిగింది. ఇలాంటివాటిలో సాధారణంగా రెండు సంకేతాలుంటాయి, అవి ఒకదానితో ఒకటి సరిపోకపోతే కంప్యూటర్ బండిని నెమ్మదిగా మాత్రమే నడవనిస్తుంది. ఒడ్డుకు చేర్చడానికి ఇచ్చిన దయ అది. ఆ స్థితిలో ఇంకో రైడ్ కొట్టడం తగదు.

ఇసుక మీద తిరిగే నాలుగు చక్రాల ఏటీవీలు కొన్నింటిలో మరో తెలివైన స్విచ్ ఉంది. అది పుట్టింది మంచు దేశాల్లో, మంచు మీద నడిచే స్నోమొబైల్ కోసం. అక్కడ కార్బ్యురేటర్‌లో మంచు గడ్డకట్టి, బొటనవేలు లీవర్ వదిలినా రేస్ తగ్గేది కాదు. అప్పుడు లీవర్ దగ్గర తీగ వదులవుతుంది. తీగ వదులైందీ అంటే చేయి వదిలేశాడు, ఇంజిన్ మాత్రం వినడం లేదు అని లెక్క. ఆ వదులును పసిగట్టి స్పార్క్ ఆపేసే చిన్న స్విచ్‌ను లీవర్ డబ్బాలో పెట్టారు. పొలారిస్ ఏటీవీల్లో కూడా ఇది కనిపిస్తుంది. అక్కడ మంచు చేసిన పనే ఇక్కడ ఉప్పూ ఇసుకా చేస్తాయి.

ఈ స్విచ్‌తో వచ్చే పేచీ ఏమిటంటే, తీగను సరిగా బిగించకపోయినా అది వదులుగానే కనిపిస్తుంది. రేస్ నిజంగా ఇరుక్కోకపోయినా స్పార్క్ కోసేస్తుంది. స్టార్ట్ కాదు, లేదా స్టార్ట్ అయి చచ్చిపోతుంది. చాలాచోట్ల దీనికి చేసే చికిత్స కనెక్టర్ పీకేయడం. నిజానికి మాన్యువల్ చెప్పినంత ఆట ఉంచి తీగ సర్దితే చాలు, పది నిమిషాల పని. కనెక్టర్ విప్పగానే స్పార్క్ వస్తే, వెంటనే తీగ వైపు చూడాలి. తీగ సర్దినా కాకపోతేనే స్విచ్ మార్చాలి.

మంచినీళ్లు, ఒక చిన్న డబ్బా

ఉప్పుకు మందు మంచినీళ్లు. రోజూ సాయంత్రం బండి కడగాలి, స్విచ్‌ల మీద ప్రెజర్ జెట్ కొట్టకుండా మామూలు పైపుతో. ఈ సలహా ఇచ్చినంత తేలిక కాదు పాటించడం. శ్రీ విజయపురం పట్టణానికి ప్రధాన నీటి ఆధారం ధనిఖారి జలాశయమే. ఎండాకాలంలో ఇళ్లకే నీళ్లు సరిగా అందనప్పుడు బళ్లు కడగడానికి ఎక్కణ్నుంచి తెస్తారు? అండమాన్‌లో ఇంత వాన పడుతుంది కదా, ఒడ్డున షెడ్డు మీది వాననీరు ఒక ట్యాంకులో పట్టుకుంటే కొంతకాలానికైనా ఆదుకుంటుంది. ప్రతి బీచ్‌లోనూ నిర్వాహకులందరూ కలిసి చేసుకోదగ్గ పని ఇది. ఇంజిన్ లోపలి దారి కడిగేటప్పుడు మాత్రం చాలా జెట్ స్కీలకు ఒక వరస ఉంది. ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి అప్పుడు నీళ్లు తిప్పాలి. ముగించేటప్పుడు ముందు నీళ్లు కట్టి ఆ తర్వాత ఇంజిన్ ఆపాలి. తారుమారైతే నీళ్లు ఎగ్జాస్ట్ దారిన లోపలికి చేరతాయి.

విడిభాగం రావడానికి రోజులు పడుతుంది కాబట్టే ముందే తెచ్చి పెట్టుకోవాలి. ప్రతి మోడల్‌కీ ఒక లాన్యార్డ్, ఒక స్టాప్ స్విచ్, ఒక రేస్ తీగ, ఫ్యూజులు, కాస్త తగరం పూత తీగ, లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవులు. ఇవన్నీ ఒక చిన్న డబ్బాలో పడతాయి. ఈ డబ్బా లేని చోటే ‘డైరెక్ట్’ పుడుతుంది. లైసెన్సులు ఇచ్చే అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు లైఫ్ జాకెట్లు లెక్కపెట్టినట్టే ఈ డబ్బానూ అడిగి, ప్రతి బండినీ స్టార్ట్ చేయించి తాడు లాగి చూస్తే చాలు. ఒక్కో బండికి నిమిషం పట్టదు. గోవాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్ పవర్ బోట్ నడిపేవాళ్లకు శిక్షణ ఇస్తోంది. నడిపేవాళ్లతోపాటు బాగుచేసేవాళ్లకూ అలాంటి శిక్షణ ఈ దీవుల్లోనే అందితే బాగుంటుంది.

నీళ్ల మధ్య స్విచ్ పనిచేయక ఓబీఎం ఆగకపోతే ఏం చేయాలో కూడా జంగ్లీఘాట్‌లో ఉన్న మన కుర్రాళ్లు గుర్తుపెట్టుకోవాలి. రేస్ తగ్గించి న్యూట్రల్‌కి తెచ్చి, చోక్ పూర్తిగా లాగండి. చాలావరకు ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. ఆగకపోతే పెట్రోలు పైపు ఊడదీయండి, లోపలున్నది అయిపోగానే ఆగుతుంది. నడుస్తున్న ఇంజిన్ ప్లగ్ క్యాప్ చేత్తో పీకొద్దు, గట్టి షాక్ కొడుతుంది.

ఇక పర్యాటకులకు. టికెట్ తీసుకున్నాక, ఎక్కేముందు, నడిపే అబ్బాయిని మర్యాదగా ఒకటి అడగండి: ‘తమ్ముడూ, స్టార్ట్ చేసి ఒకసారి తాడు లాగి చూపించు.’ అండమాన్‌లో ఆ తమ్ముడు తెలుగువాడే అయినా కావచ్చు, కాకపోతే హిందీలో అడగండి. ఇంజిన్ వెంటనే ఆగితే, తాడు అతని చేతికో జాకెట్‌కో తగిలించుకున్నాకే కూర్చోండి. వీడియో కోసం హ్యాండిల్ మీ చేతికిస్తానంటే తాడు కూడా మీ చేతికి మారాలి. తాడు లాగాక ఇంజిన్ ఆగకపోయినా, ఎందుకులెండి అని దాటేసినా, డబ్బు వెనక్కి తీసుకుని వచ్చేయండి.